పదిహేను ఊళ్లకు రెండు దార్లు

మా ఊరికి మొదట వచ్చిన ఫోనుకు తీగ లేదు. ఈ మాటంటే మా పిల్లలు సెల్‌ఫోనేమో అనుకుంటారు. మామూలు టేబుల్ ఫోనే. చిల్లరంగడి బల్ల మీద, బెల్లం దిమ్మ పక్కన ఉండేది. దాని వైరు గోడకు కొట్టిన కంతలోంచి మిద్దె మీదికి పోయి, ఇనప గొట్టం చివర చేపముల్లు మాదిరి ఉన్న యాంటెన్నాకు తగులుకునేది. పక్కన చిన్న సోలార్ పలక, కింద ఒక బ్యాటరీ. ఊరంతా దాన్ని రేడియో ఫోను అనేవాళ్లు. మా నాయన మాత్రం 'మార్' అనేవాడు. ఆయన టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో లైన్‌మన్ కాబట్టి ఆయనకు అన్నిటికీ ఇంగ్లీషు పొట్టి పేర్లే.

"పదిహేను ఊళ్లకు రెండు దార్లు రా," అని చెప్పినాడు ఒకసారి. "రెండూళ్లోళ్లు మాట్లాడతా ఉంటే తక్కిన పదమూడూళ్లోళ్లు గమ్మునుండాల్సిందే."

ఆ పద్ధతి నిజంగా అంతే. మధ్యలో ఒక స్టేషను, చుట్టూ పదిహేను పల్లెలు, వాటి మధ్య గాలిలో రెండే ఛానళ్లు. 1990లలో మాలాంటి చాలా పల్లెలకు పబ్లిక్ ఫోను ఇట్లాగే వచ్చింది. మబ్బు పట్టి మూడు రోజులు ఎండ రాకపోతే బ్యాటరీ దిగిపోయేది. అప్పుడు అంగడి శెట్టి దాని మీద గుడ్డ కప్పేవాడు. గుడ్డ కప్పి ఉందంటే ఫోను లేదని అర్థం.

మా ఊరెక్కడో చెప్పాలి కదా. తిరుపతి నుంచి చంద్రగిరి, రంగంపేట దాటి, భాకరాపేట కనుమ ఎక్కి దిగి, అక్కడి నుంచి ఇంకా లోపలికి పోవాలి. తూర్పున శేషాచలం కొండలు. ఆ కొండల మీదే తిరుమల ఉన్నా మాకు కనిపించేది అడవి ఒక్కటే. స్వామి తూర్పు ముఖంగా నిలబడి ఉంటాడు, మేమేమో పడమర. మా జేజి ప్రతి కష్టానికీ ఇదే లెక్క చెప్పేది. "మనం సామికి ఈపెనక ఉండేటోళ్లం నాయనా. ఆయన తిరిగి చూస్తే కదా మనకేమన్నా వచ్చేది!" వాన రాకపోయినా అదే మాట, బస్సు రాకపోయినా అదే మాట. వాన సంగతి నాకు తెలీదు గానీ, ఫోన్ల విషయంలో మాత్రం జేజి లెక్క ముప్పై ఏళ్లు తప్పలేదు.

నాయన సైకిలుకు వెదురు నిచ్చెన కట్టుకుని తిరిగేవాడు. భుజాన తోలు సంచి. అందులో కటింగ్ ప్లేయరు, టేపు, టెస్ట్ ఫోను, ఒక పొడుగాటి నోటు పుస్తకం. లైను ఎక్కడ తెగింది, ఎందుకు తెగింది, ఎన్ని గంటలకు బాగైంది, అన్నీ అందులో రాసేవాడు. పైవాళ్లు అడిగారని కాదు, ఆయనకదొక పిచ్చి. "చింతకొమ్మ. 11-15." "గడ్డి ట్రాక్టరు. 4-00." "పెండ్లి పందిరోళ్లు. 6-20." కారణం అంతుపట్టని చోట "దేవుడు" అని రాసి టైము వేసేవాడు. నాకు ఎక్కాల కంటే ముందు ఆ పుస్తకం చదవడం వచ్చింది.

లైను చేత్తో పట్టుకుని జాయింటు వేస్తున్నప్పుడు ఎవరైనా ఆ నంబరుకు ఫోన్ చేస్తే వేళ్లు జివ్వుమంటాయని చెప్పేవాడు. మామూలుగా లైనులో ఉండేది 48 వోల్టులే, బెల్లు మోగేటప్పుడు మాత్రం పెరుగుతుంది. "ఎవురో పిలస్తాండారని మనకే ముందు తెలస్తాది," అని నవ్వేవాడు.

మండలంలో ఉన్న చిన్న ఎక్స్ఛేంజీ అంటే ఆయనకు గుడి కిందే లెక్క. 1984లో సీ-డాట్ అని ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ మొదలైంది, దాని వెనకున్న శామ్ పిట్రోడా పేరు అప్పట్లో రేడియోలో బాగా వినపడేది. వాళ్లు పల్లెల కోసం 128 లైన్ల ఎక్స్ఛేంజీ తయారుచేశారు. దాని గొప్పతనమేమిటంటే ఏసీ అక్కర్లేదు. మా వైపు ఏప్రిల్, మే ఎండలు తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది. విదేశీ మిషన్లు చల్లటి గదిలో కూర్చుంటే తప్ప పనిచేయని రోజుల్లో, ఇది మామూలు ఇంట్లో, దుమ్ములో, ఉక్కలో నడిచేది. ఒకసారి నన్ను తీసుకుపోయి చూపించాడు. బీరువా అంత పెట్టె, టిక్కు టిక్కుమని చిన్న లైట్లు. "మనోళ్లు చేసింది," అన్నాడు. అప్పుడు ఆయన మొహం, నాకు ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా చూడలేదు.

దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలైంది 1995 ఆగస్టు 15న. వీఎస్ఎన్ఎల్ అనే ప్రభుత్వ కంపెనీ ముందు మహానగరాలకు ఇచ్చింది. అది తిరుపతికొచ్చి నా చేతికందేసరికి 2000 అయింది. నేను ఇంటర్ చదువుతూ బాలాజీ కాలనీ దగ్గర ఒక గదిలో ఉండేవాణ్ణి. కిందనే నెట్ సెంటరు. ప్లైవుడ్ చెక్కలతో గూళ్లు కట్టి, గూటికొక కంప్యూటరు. గంటకు 40 రూపాయలు. మాకు ఇంటి నుంచి వారానికి వచ్చే డబ్బులో అది సగం. అందుకే ఇద్దరం కలిసి కూర్చునేవాళ్లం, ఒకడు టైపు కొట్టేది, ఇంకొకడు గడియారం చూసేది. మోడెం కూత పెట్టి లైను దొరకడానికే అయిదు నిమిషాలు పోయేవి, ఆ అయిదు నిమిషాలు కూడా ఓనరు లెక్కలో వేసేవాడు. తెలుగు పేపరు తెరిస్తే అక్షరాలు వచ్చేవి కావు, గీతలూ చుక్కలూ వచ్చేవి. ఫాంటు దించుకోవాలి, దించుకునేసరికి గంట అయిపోయేది. ఇంతా చేసి మేము పంపిన ఈమెయిళ్లు ఎవరికి? పక్క గూట్లో కూర్చున్న మావాడికే.

2001లో ఎంసెట్ ఫలితాలు అక్కడే చూసుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆ గదిలో యాభై మంది. పేజీ సగం వచ్చి ఆగేది, మళ్లీ కొడితే మొదటికి. చివరికి నా ర్యాంకు కనిపించింది. ఆ ర్యాంకు ఇక్కడ రాయను, ఇరవై ఏళ్లు దాటినా సిగ్గు సిగ్గే. ఎస్టీడీ బూతుకు పరుగెత్తి ఊరికి ఫోన్ చేశాను. ఎంగేజ్. పది నిమిషాలాగి చేశాను. ఎంగేజ్. అంగట్లో ఎవరో గంటలు గంటలు మాట్లాడుతున్నారని మనసులో తిట్టుకున్నాను. సాయంత్రం దాకా అదే తంతు. ఇక లాభం లేదని ఆఖరి బస్సు ఎక్కి కనుమ దాటి ఇల్లు చేరాను. నాయన అంగడి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు, మధ్యాహ్నం నుంచి. "మన ఫోను ఖాళీగానే ఉండాది రా," అన్నాడు. "ఆ రెండు దార్లూ వేరే ఊళ్లోళ్లు పట్టుకోనుండారు. వాళ్ల పిల్లోళ్లకూ రిజల్ట్ వచ్చుంటాది." ర్యాంకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పోనీలే, ఫోన్లో చెప్పుంటే శెట్టి ఇనుండేటోడు," అన్నాడు.

సెల్‌ఫోన్లు వచ్చాక తిరుపతి ఒక్కసారిగా మారిపోయింది. కపిలతీర్థం దగ్గర, అలిపిరి దగ్గర, పైన కొండ మీద, ఎక్కడ చూసినా టవర్లు. యాత్రికులున్న చోట మాట్లాడేవాళ్లుంటారు, మాట్లాడేవాళ్లున్న చోట టవరు గిట్టుబాటవుతుంది. మా కనుమకు ఇవతల మాత్రం చాలా ఏళ్లు ఏమీ లేదు. ఘాట్‌లో మొదటి మలుపు తిరగ్గానే బస్సులో అందరి ఫోన్లూ చచ్చిపోయేవి. "ఘాట్ వచ్చేసింది, మళ్లీ చేస్తా" అనేది మా వైపు వాళ్లకు వీడ్కోలు మాట కిందే లెక్క.

ఊళ్లో సిగ్నల్ ఒకే చోట వచ్చేది, ఊరి వెనక పెద్ద బండ మీద. అది కూడా బండకు దక్షిణం అంచున, భాకరాపేట వైపు తిరిగి నిలబడితే. తెల్లారితే టమేటా రైతులు అక్కడికెక్కి మదనపల్లె మార్కెట్లో మండీవాళ్లకు ఫోన్లు చేసేవాళ్లు. ఒకరి ధర అందరికీ వినపడేది, ఎవరి సరుకు ఎంతకు పోయిందో దాచుకునే వీల్లేదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు సాయంత్రం ఎక్కేవాళ్లు, అప్పుడు మగవాళ్లు అటు పోకూడదని ఒక కట్టుబాటు. అది ఎవరు పెట్టారో తెలీదు గానీ అందరూ పాటించారు. గల్ఫులో ఉన్న కొడుకు ఫోను కోసం ఒక ముసలామె రోజూ మధ్యాహ్నం ఆ బండ నీడలో కూర్చునేది. చేతిలో ఫోను, ఒళ్లో చెనక్కాయలు.

నేను నాయనను అడిగాను, బండ మీద వచ్చేది కింద ఎందుకు రాదని. "టవరుకు కండ్లుండాయనుకో. దానికి యాడ కనపడతామో ఆడ సిగ్నలొస్తాది. కొండ అడ్డమొస్తే అదేం చేస్తాది?" అన్నాడు. మరి ఇవతల ఇంకో టవరు పెట్టొచ్చు కదా అంటే, "టవరు ఖర్చు ఊరి సైజు జూసి తగ్గదు రా. యాభై వేల మందికైనా అదే, అయిదు నూర్ల మందికైనా అదే," అన్నాడు. ఇంజినీరింగులో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

ఈ తేడా సర్దడానికే 2002 నుంచి ఒక నిధి పెట్టారు. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం అందులో పడుతుంది, దాంతో గిట్టుబాటు కాని పల్లెలకు లైన్లు వేయాలి. డబ్బు చేరిన వేగంతో మట్టి తవ్వడం జరగలేదన్నది వేరే కథ.

2005లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అప్పటి లెక్కలో 256 కేబీపీఎస్ ఉంటే చాలు, అదే బ్రాడ్‌బ్యాండ్. ఇప్పుడు ఆ వేగంలో వాట్సాప్ ఫొటో కూడా తిరుగుతూ తిరుగుతూ వస్తుంది. తిరుపతిలో అక్క వాళ్లింటికి పెట్టించుకున్నారు. ఫోను మాట్లాడుతూనే నెట్ వాడుకోవచ్చని బావ వచ్చినవాళ్లందరికీ చేసి చూపించేవాడు. అప్పటికి మా ఊళ్లో మా ఇంటికి రాగి లైను వచ్చింది, నాయన స్వయంగా స్తంభాలు పాతించి లాగిందే. నేను ఎగిరి గంతేశాను. అదే లైను, అదే తీగ, మనకూ వస్తుంది కదా అని. నాయన తల అడ్డంగా ఊపాడు. రాగి తీగలో నెట్ బలం దూరం పోయేకొద్దీ తగ్గిపోతుంది, ఎక్స్ఛేంజీ నుంచి నాలుగైదు కిలోమీటర్లు దాటితే ఇక ఆశ లేదు. మాకు ఏడు. "మాటైతే నడిచొస్తాది. నెట్టు అయిదు కిలోమీటర్లకే రొప్పి కూలబడతాది," అన్నాడు. తను లాగిన తీగ గురించి ఆయన అట్లా అనడం అదే మొదటిసారి.

2011లో కేంద్రం జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కును ఆమోదించింది. దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు గాజు తీగ చేర్చాలని లెక్క. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు పెట్టారు. కొన్నాళ్లకు మా దారి పొడుగునా గుంతలు మొదలయ్యాయి. నాయన సాయంత్రం పూట పోయి కర్రతో లోతు కొలిచేవాడు. 165 సెంటీమీటర్లు ఉండాలి, అంటే అయిదడుగుల పైన. కాంట్రాక్టరు మనుషులు రాయి తగిలిన చోట రెండడుగులకే గొట్టం పరిచి మన్ను కప్పేస్తుంటే వాళ్లతో కొట్లాట పెట్టుకున్నాడు. "నీకెందుకు పెద్దాయనా, నీ డ్యూటీ కాదు కదా," అన్నారంట. ఆ రెండడుగుల చోటే తర్వాత పొక్లెయిను పంటికి తగిలింది. ఆ రోజు పుస్తకంలో కారణం దగ్గర ఏం రాశాడో ఇక్కడ రాయడానికి వీల్లేని మాట.

జియో సంగతి అందరికీ తెలిసిందే. 2016 సెప్టెంబరు 5. అంతకు ముందు నేను 1 జీబీకి 250 రూపాయలు పెట్టి, దాన్ని నెలంతా పొదుపుగా వాడినవాణ్ణి. ఒక్కసారిగా ఉచితం. తిరుపతిలో సిమ్ములకు లైన్లు, గదిలో కుర్రాళ్లు తెల్లవార్లూ వీడియోలు. మా ఊళ్లో బండ మీద కూర్చునేవాళ్ల సంఖ్య పెరిగింది, అంతే. బండ మీద గొడుగులు కూడా వచ్చాయి.

మా ఊరికి అసలైన నెట్ కరెంటు స్తంభాల మీద వచ్చింది. 2017 డిసెంబరులో రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను మూడూ. ఇక్కడ తవ్వకం లేదు. ఊరూరా కరెంటు స్తంభాలున్నాయి కదా, వాటి మీదుగానే గాజు తీగ లాగేశారు. కొంచెం ఆలస్యంగా, 2019లో, కేబుల్ టీవీ పిల్లోడు మా వీధిలోకి నల్లటి సన్న తీగ తెచ్చాడు. నాయన దాన్ని వేళ్ల మధ్య పెట్టి చూశాడు. "ఇంతేనా? లోపల జూస్తే ఎంటిక మాదిరి ఉండాది," అన్నాడు.

2020 జనవరి 31న, అప్పటికి బీఎస్ఎన్ఎల్‌గా మారిన డిపార్ట్‌మెంటు వాళ్లు దేశమంతటా దాదాపు 78 వేల మంది ఒకేరోజు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. వాళ్లలో నాయన ఒకడు. పూలదండ, శాలువా, ఒక గోడ గడియారం. తోలు సంచి మాత్రం వెనక్కి ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు కూడా. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్. నేను చెన్నై నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికొచ్చేశాను. మామిడి చెట్టు కింద మంచం వేసుకుని ఆఫీసు పని. తిరుమలలో దర్శనాలు ఆగిపోయిన ఆ రోజుల్లో జేజి నా ఫోన్లో స్వామి సేవలు చూసింది. జీవితంలో మూడుసార్లే కొండెక్కిన మనిషి. "ఇట్లా ముందర నిలబడి ఇంతసేపు ఎప్పుడు జూసినాను!" అంది.

కానీ ఒక విషయంలో పాత ఫోనే మేలని 2021 నవంబరులో తెలిసింది. 18వ తేదీ తిరుపతిలో ఎట్లాంటి వాన పడిందో ఆ ఊళ్లో ఉన్నవాళ్లు మర్చిపోరు. వీధులు కాలువలయ్యాయి, తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు. అక్క వాళ్లు ఎమ్మార్ పల్లెలో. కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్లు పోయాయి. మాకు ఇవతల నెట్ ఉంది, స్క్రీను మీద తిరుపతి మునిగిన వీడియోలు వస్తూనే ఉన్నాయి, అక్క గొంతు మాత్రం లేదు. ఆ టెన్షన్ ఒక రాత్రి, ఒక పగలు. నాయన అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ ఒకే మాట. "పాత ఫోనుకు ఇంట్లో కరెంటు అక్కర్లా. ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది. ఆడ బ్యాటరీలుండేవి. ఈ నెట్ డబ్బాకు ఇంట్లో కరెంటు పోతే ప్రాణం పోతాది." అక్క వాళ్లింట్లో రాగి లైను తీయించేసి అప్పటికి అయిదేళ్లు. తీయించమని చెప్పింది నేనే.

2022 డిసెంబరు 26న రాష్ట్రంలో జియో 5జీ మొదలైంది. విశాఖ, విజయవాడ, గుంటూరుతో పాటు తిరుమల. తిరుపతి కంటే కూడా ముందు తిరుమల! పేపర్లో అది చదివి జేజికి వినిపించాను. అప్పటికి ఆమెకు తొంభై దగ్గర పడుతున్నాయి. పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఆయన ఇల్లు కదా, ముందు ఆయనకే పెడతారు," అంది. ఆ రోజు మా ఊళ్లో సెల్‌ఫోనుకు ఒక గీత సిగ్నలు, అదీ గాలి సరిగ్గా వీస్తే.

పోయిన దసరాకు ఊళ్లో ఉన్నప్పుడు రాత్రి ఏడింటికి నెట్ పోయింది. డబ్బా మీద ఎర్ర లైటు. మరుసటి రోజు పొద్దున నాకు ముఖ్యమైన కాల్ ఉంది. కేబుల్ పిల్లోడు వచ్చి పెన్ను లాంటిదొకటి తీశాడు. దాన్ని మా ఇంటి వైపు తీగ కొనకు పెట్టి నొక్కితే ఎర్రటి కాంతి లోపలికి పోతుందంట, తెగిన చోట బయటికి కారుతుందంట. నాయన చెప్పులేసుకున్నాడు. "లైట్లన్నీ ఆర్పండి," అన్నాడు. నిచ్చెన నేను మోశాను.

చీకట్లో స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ పోయాం. నాయన మెడ పైకెత్తి నడుస్తున్నాడు, కాళ్ల కింద ఏముందో చూడకుండా, ఆ దారి తనకు అడుగు అడుగూ తెలుసు. చింతచెట్టు వంపు దగ్గర ఆగాడు. "అద్దో!" కొమ్మల మధ్య, తీగ మీద, కుంకుమ బొట్టంత ఎర్రటి చుక్క. నలభై ఏళ్లు చెవితో, వేళ్లతో ఫాల్టు వెదికిన మనిషి. ఫాల్టు తనంతట తాను కనిపించడం ఆయనకు అదే మొదలు. కాసేపు అట్లాగే చూస్తూ నిలబడ్డాడు.

నిచ్చెన ఎక్కుతానన్నాడు, నేను ఎక్కనివ్వలేదు. కింద నిలబడి టార్చి పట్టుకున్నాడు. పిల్లోడు తీగ కిందికి దించి, రెండు కొనలు శుభ్రం చేసి చిన్న మిషన్లో పెట్టాడు. లోపల చిటుక్కున మెరుపు, గాజూ గాజూ కరిగి అతుక్కుపోయాయి. స్క్రీను మీద ఏదో అంకె చూసి, "సూపర్ జాయింటు పెద్దాయనా," అన్నాడు.

"టేపు చుట్టవా?" అన్నాడు నాయన.

పిల్లోడు చిన్న గొట్టం తొడిగి వేడి చేశాడు. నాయన దాన్ని ముట్టుకుని చూసి తల ఊపాడు. ఇంటికొచ్చాక డబ్బా మీద పచ్చ లైటు. ఆయన నేరుగా లోపలికి పోయి తోలు సంచి దించి, పుస్తకం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని రాసుకున్నాడు.

"చింతచెట్టు వంపు. ఉడత. 9-40."